గార కనిపిస్తోంది, పిప్పి కనిపించడం లేదు: నల్లగొండ పిల్లల పళ్ల గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ, పాఠశాల విద్యాశాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు; నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేస్తున్న దంతవైద్యులకు; నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ఉన్న డెంటల్ కాలేజీల పెద్దలకు,

నమస్కారం.

నేను దేవరకొండ వైపు ఒక పల్లెలో సర్కారు ప్రాథమిక పాఠశాల టీచర్ని. పదిహేడేళ్లుగా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు చదువు చెప్తున్నాను. మా పిల్లల పళ్ల గురించి ఏడాదిన్నరలో మూడు దరఖాస్తులు ఇచ్చాను. రెండింటికి రసీదు ఇచ్చారు. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. ఎవరికి ఇచ్చానో ఇక్కడ రాయను. ఒక ఆఫీసునో ఒక మనిషినో నిలదీయడం కోసం కాదు, పని జరగడం కోసం అందరికీ కనిపించేలా ఈ లేఖ రాస్తున్నాను.

ముందు ఒక పాప సంగతి చెప్తాను. మూడో తరగతి. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయారు, పాప నాయినమ్మ దగ్గర ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర చూస్తే అన్నం ముద్దను ఎడమ దవడకే నెట్టుకుంటూ తింటోంది. రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టింది. ఏమైందంటే ఏం లేదని తల ఊపింది. సాయంత్రం నాయినమ్మను అడిగాను. "పాలపండ్లే గద టీచరమ్మా, ఊడిపోయేటియి. గట్టి పండ్లు మంచిగొస్తయి" అంది. లవంగం పెట్టింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదిమందు ఇచ్చాడు. వాపు తగ్గింది, పాప మళ్లీ బడికి వచ్చింది. తగ్గిందనే అందరం అనుకున్నాం.

మూడు వారాలకు దవడ కింద ఉబ్బింది. జ్వరం. నోరు తెరవలేకపోతోంది. నాయినమ్మ, నేను బస్సులో పట్నం తీసుకుపోయాం. డాక్టరు చూసి అడిగిన మొదటి మాట నేను మరిచిపోలేను: "ఇది పాలపన్ను అని మీకు ఎవరు చెప్పారమ్మా?" అది గట్టి పన్నే. ఆరేళ్లకు పాలపళ్ల వెనక, చిగురు చివరన వచ్చే మొదటి దవడ పన్ను. అప్పటికే చీము వేరు దాటి కిందికి దిగింది. పీకక తప్పలేదు.

అంతకు ఐదు నెలల ముందు మా బడిలో ఒక వైద్య శిబిరం జరిగింది. ఆ పాప నోట్లో టార్చి వేసి చూశారు. ముందు పళ్ల మీద పసుపు గార ఉంది. కార్డు మీద "ఫ్లోరోసిస్" అని రాశారు, అంటే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బు. వెనక పన్నులో నల్లటి గుంత గురించి ఒక్క అక్షరం లేదు. ఆ వచ్చినవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఒక్క పూటలో బడి మొత్తం చూడాలి, చేతిలో టార్చి తప్ప ఏమీ లేదు, పంటి డాక్టరు వాళ్లలో లేరు. నా బాధ వేరే. నల్లగొండ పిల్ల నోరు తెరవగానే అందరికీ ముందుగా ఫ్లోరైడే కనిపిస్తుంది. గార చూసి ఇది నీళ్ల జబ్బు, మన చేతిలో లేదు అనుకుంటాం. దాని వెనక ఉన్న పిప్పి ఎవరి లెక్కలోకీ రాదు.

ఈ జిల్లా చరిత్ర వల్లే అట్లా చూడటం అలవాటైంది. మర్రిగూడ, చండూరు, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లల్లో బోరు నీళ్లు తాగి నడుము వంగినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మేం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి 1970లలో నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో ఒక పద్ధతి తయారుచేస్తే దానికి మా జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ టెక్నిక్ అని ప్రపంచమంతా చదువుకుంటారు. శివన్నగూడెం అంశల స్వామి లాంటివాళ్లు తమ వంకరపోయిన ఒంటినే సాక్ష్యంగా చూపించి నీళ్ల కోసం కొట్లాడారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ కట్టారు, తర్వాత కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాయి. ఆ పోరాటం ఊరికే పోలేదు. ఇప్పుడు ఒకటో తరగతిలో చేరుతున్న పిల్లల ముందు పళ్లు వాళ్ల అమ్మల పళ్ల కన్నా చాలా తెల్లగా వస్తున్నాయి. నా కళ్లతో చూస్తున్నాను.

కానీ అదే పిల్లల వెనక పళ్లు నల్లబడుతున్నాయి. ఫ్లోరైడ్ గార పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడే పడుతుంది. ఎనిమిదేళ్లు దాటాక, జ్ఞానదంతాలు తప్ప, కొత్తగా పట్టదు. పిప్పి అట్లా కాదు. పన్ను బయటికి వచ్చిన రోజు నుంచి ఎప్పుడైనా మొదలవుతుంది. నోట్లోని సూక్ష్మక్రిములు చక్కెరను తిని పులుపు వదులుతాయి, ఆ పులుపు పంటి మీది గట్టి పొరను కరిగిస్తుంది. రోజుకు ఎంత తీపి తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ఇక్కడ ముఖ్యం. పొద్దున చాయ్‌లో బిస్కెట్టు, బడికి వచ్చేటప్పుడు చాక్లెట్టు, విరామంలో రెండు రూపాయల ప్యాకెట్టు, సాయంత్రం మళ్లీ చాయ్. మధ్యలో లాలాజలం పంటిని బాగుచేసుకునే టైమే దొరకదు. రాత్రి చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లలకు ఇంకా నష్టం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాలు పళ్లకు అంటుకునే ఉంటాయి. అంగన్‌వాడీలో పై ముందు పళ్లు నాలుగూ మొద్దులుగా అరిగిపోయిన పిల్లలను చూస్తే నాకు ఆ సీసానే గుర్తొస్తుంది.

దీనివల్ల మామూలు ఇళ్లల్లో ఏం జరుగుతోందో చెప్తాను.

1. పిల్ల తిండి తగ్గుతుంది. నొప్పి ఉన్న పిల్లలు నమలాల్సినవన్నీ వదిలేస్తారు. జొన్నరొట్టె, పల్లీలు, జామకాయ పక్కకు పోతాయి. చారు అన్నం, చాయ్‌లో నానిన బిస్కెట్టు మిగులుతాయి. అంటే పిప్పికి కారణమైన తిండే ఇంకా ఎక్కువ తింటారు. బరువు తక్కువ ఉందని అంగన్‌వాడీ రిజిస్టర్‌లో రాసే పిల్లలకు నోరు తెరిచి చూస్తున్నామా? నేను అడుగుతున్న ప్రశ్నల్లో ఇది చాలా ముఖ్యమైనది.

2. చదువు పోతుంది. పంటి నొప్పి రాత్రి పడుకున్నాకే ఎక్కువవుతుంది. నిద్ర లేని పిల్ల పొద్దున బడిలో తల బల్ల మీద పెట్టేస్తుంది. మొద్దు అంటాం, బద్ధకం అంటాం. నేనూ అన్నాను, ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. హాజరు పట్టికలో "జ్వరం" అని రాసిన సెలవుల్లో పంటి నొప్పివి ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

3. మాట తేడా వస్తుంది. త, థ, ద, ధ, న లను దంత్యాలు అని నేర్పుతాం. నాలుక కొన పై పళ్లకు తగిలితేనే అవి సరిగ్గా పలుకుతాయి. మూడేళ్లకే ముందు పళ్లు పోయిన పిల్లకు గట్టి పళ్లు ఏడేళ్లకు గానీ రావు. మాటలు నేర్చుకునే ఏళ్లన్నీ అట్లాగే గడిచిపోతాయి. తోటి పిల్లలు "బోసి" అని ఏడిపిస్తే ఆ పిల్ల పాఠం గట్టిగా చదవడమే మానేస్తుంది.

4. గట్టి పళ్లు చెడిపోతాయి. పాలపన్ను ఊడిపోయేదే, నిజమే. కానీ 20 పాలపళ్లలో వెనకవి పది నుంచి పన్నెండేళ్ల వయసు దాకా ఉండాలి. కింద తయారవుతున్న గట్టి పంటికి అవే చోటు పట్టి ఉంచుతాయి. ముందే పీకేస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగిపోతాయి, తర్వాత వచ్చే పన్ను వంకరగా వస్తుంది. పాలపంటి వేరు దగ్గర చీము పడితే కింద ఉన్న గట్టి పంటి పొర కూడా దెబ్బతినవచ్చు.

5. ఇంటి మీద అప్పు పడుతుంది. గుంత చిన్నగా ఉన్నప్పుడు పావుగంటలో నింపేయవచ్చు. అదే పంటికి వేరు దాకా చికిత్స చేసి టోపీ (క్యాప్) పెట్టాలంటే మా దగ్గరి ప్రైవేటు క్లినిక్‌లో నాలుగైదు వేలు చెప్పారు. నాలుగైదు సార్లు తిరగాలి. ఒక్కోసారికి ఇద్దరి బస్సు ఖర్చు, ఒకరి కూలి. పత్తి ఏరే రోజుల్లో ఏ తల్లి పోగలదు? అందుకే సూదిమందుతో సరిపెట్టుకుంటారు.

6. నాటు వైద్యం. జిల్లేడు పాలు పోసుకుని చిగురు, పెదవి కాల్చుకున్న పిల్లాడు మా బడిలోనే ఉన్నాడు. పన్ను పురుగు తీస్తామని వాకుడు గింజల పొగ పట్టించేవాళ్లు ఇంకా జాతరల్లో కనిపిస్తారు. పంట్లో పురుగు ఉండదు. ఆ మాట చెప్పే డాక్టరు అందుబాటులో లేనంత కాలం వాళ్ల మాటే చెల్లుతుంది.

ఇంకో చిక్కు మా ప్రాంతానిదే. ఫ్లోరైడ్ పేరు చెప్తేనే మావాళ్లు భయపడతారు. భయం న్యాయమైనదే, అనుభవించినవాళ్లు. పేస్టు పెట్టె మీద ఫ్లోరైడ్ అని ఉందని తిరిగి ఇచ్చేసి, బొగ్గుపొడితో, ఇటుకపొడితో తోమిస్తున్నవాళ్లు ఉన్నారు. లెక్క వేసి చూడండి. 1000 పీపీఎం పేస్టులో ఒక గ్రాముకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలంటారు దంతవైద్యులు. గింజంత అంటే సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. తాగే నీళ్లకు గరిష్ఠ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంటే హద్దులో ఉన్న ఒక లీటరు నీళ్లలో ఉండేదాంట్లో పదిహేనో వంతు, అదీ మొత్తం మింగేస్తేనే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠానీ గింజంత, పెద్దవాళ్లు దగ్గరుండి తోమించి ఉమ్మించాలి. నీళ్లలో ఏళ్ల తరబడి తాగే ఫ్లోరైడ్ వేరు, పంటి పైపైన రాసి ఉమ్మేసే ఫ్లోరైడ్ వేరు. ఈ తేడా మా తల్లులకు ఎవరు చెప్పాలి? నేను చెప్తే "టీచరుకేం తెలుసు" అంటారు. డాక్టర్లు తెల్లకోటు వేసుకుని ఊళ్లోకి వచ్చి చెప్తే వింటారు. ఇంకా బోరు నీళ్లే తాగుతున్న తండాలు, పొలాల దగ్గరి ఇళ్లు ఉన్నాయి. అక్కడి నీళ్లు పరీక్ష చేసి, ఆ పిల్లలకు ఏ పేస్టు, ఎంత అన్నది విడిగా తేల్చాలి.

ఇక నా విన్నపాలు. ఇవన్నీ కొత్త పథకాలు కావు, ఉన్నవాటిని పిల్ల నోటి దాకా తీసుకురమ్మని మాత్రమే అడుగుతున్నాను.

1. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో దంతక్షయం, అంటే పిప్పి, ఉంది. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లలను ఒకసారి చూడాలని అందులోనే ఉంది. దయచేసి కార్డు మీద గారకు ఒక గడి, పిప్పికి వేరే గడి పెట్టించండి. ఎన్ని పళ్లు, ఏ పళ్లు, ఆరేళ్ల దవడ పన్ను వచ్చిందా, అందులో గుంత ఉందా అన్నవి రాయించండి. ఇది కాగితం మార్పే. దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు.

2. చీటీ రాసి జిల్లా కేంద్రానికి పొమ్మంటే మా వాళ్లు పోలేరు. నెలకు ఒక రోజు మండల కేంద్రంలో పిల్లల పళ్ల కోసమే ఒక దంతవైద్యుణ్ని కూర్చోబెట్టండి. ఏ రోజో బడి గోడ మీద రాయించండి. చీటీ ఉన్న పిల్లలను తీసుకుపోయి తీసుకొచ్చే బండి ఏర్పాటు చేయండి. చీటీలు ఎన్ని రాశారో కాక, వైద్యం ఎంతమందికి పూర్తయిందో లెక్క అడగండి.

3. ఈ పరీక్షల్లో లోపం బయటపడ్డ పిల్లలను పంపే జిల్లా సత్వర చికిత్స కేంద్రాల సిబ్బంది జాబితాలో దంతవైద్యుడు ఉంటారు. ప్రతి జిల్లాలో ఆ పోస్టు నిండి ఉందా, వారంలో ఏ రోజులు చూస్తారు అన్నది బహిరంగంగా ప్రకటించండి.

4. బడిలోనే చేయగల వైద్యం బడికే తీసుకురండి. ఫ్లోరైడ్ పేస్టు, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, గ్లాస్ అయొనమర్ సిమెంటు ఈ మూడింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సిల్వర్ ద్రవాన్ని బ్రష్షుతో గుంత మీద రాస్తే చాలాసార్లు పిప్పి అక్కడే ఆగిపోతుంది. డ్రిల్లు అక్కరలేదు, మత్తు అక్కరలేదు. రాసినచోట నల్లబడుతుంది, ఆ సంగతి తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. మెత్తబడిన భాగాన్ని చేతి పనిముట్లతో తీసి సిమెంటు నింపే పద్ధతి కరెంటు లేని ఊళ్ల కోసమే వచ్చింది. ఆరేడేళ్ల పిల్లల కొత్త దవడ పళ్ల మీది గాడులను సీలెంటు అనే పూతతో మూసేస్తే మా పాపకు జరిగినట్టు ఇంకొకరికి జరిగే ప్రమాదం చాలా తగ్గుతుంది.

5. తొమ్మిది నెలల టీకాకు, ఏడాదిన్నర టీకాకు తల్లులు పిల్లలను ఎట్లాగూ తెస్తారు. ఆ రోజే ఏఎన్ఎం పై పెదవి పైకెత్తి చూడాలి. చిగురు అంచున సున్నం గీసినట్టు తెల్లచారలు ఉంటే అది పిప్పికి మొదటి గుర్తు. ఆ దశలో ఆపడం తేలిక. మొదటి పుట్టినరోజులోపు ఒకసారి పంటి డాక్టరుకు చూపించాలన్నది పిల్లల దంతవైద్యులు చెప్పే మాటే, మా ఊళ్లకు మాత్రం చేరలేదు. ఆశా అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఒక్క రోజు శిక్షణ ఇస్తే చేరుతుంది.

6. మధ్యాహ్న భోజనం తర్వాత ప్లేట్లు కడుక్కునే కుళాయి దగ్గరే పిల్లలు పళ్లు తోముకునే ఏర్పాటు కావాలి. పిల్లకో బ్రష్షు, తరగతికో పేస్టు. మిగతాది టీచర్లం చూసుకుంటాం.

7. డెంటల్ కాలేజీల పెద్దలకు: మీ హౌస్‌సర్జన్లు ఏడాది పాటు శిక్షణలో ఉంటారు. వాళ్లను శిబిరాలకు పంపుతున్నారని తెలుసు, సంతోషం. కానీ ఒకసారి వచ్చి ఫొటో దిగి వెళ్లే శిబిరం కన్నా, ఒకే మండలాన్ని తీసుకుని ఆరు నెలలకోసారి అవే పిల్లలను మళ్లీ చూస్తే మేలు. కిందటిసారి రాసిన పంటికి ఏమైందో చూడటానికి ఎవరైనా తిరిగి రావాలి.

తల్లిదండ్రులకు, మనుమలను పెంచుతున్న అవ్వలకు, తాతలకు ఒక్క మాట. ఆరేళ్ల బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని నోరు తెరిపించండి. పాలపళ్ల వెనక, అన్నిటికన్నా చివర, ఏ పన్నూ ఊడకుండానే కొత్తగా వచ్చిన పెద్ద పన్ను కనిపిస్తుంది. పైన రెండు, కింద రెండు. అవి మళ్లీ రావు. వాటి మీద నల్లచుక్క కనిపిస్తే ఆ వారమే డాక్టరుకు చూపించండి. రాత్రి తోమాక నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకండి. ఏడెనిమిదేళ్ల దాకా మీ చేత్తోనే తోమండి, పిల్లల చేతికి అంత పట్టు ఉండదు.

అధికారులారా, డాక్టర్లారా, ఈ జూన్‌లో బడి తెరిచాక మొదటి నెలలోనే ఒక మండలంలోనైనా ఈ పని మొదలుపెట్టండి. మా బడిలో ఒక ఖాళీ గది ఉంది. వెలుతురు బాగా వస్తుంది, పిల్లలను పడుకోబెట్టి చూడటానికి రెండు పొడుగు బల్లలు ఉన్నాయి, బయట కుళాయి ఉంది. పిల్లల పేర్లు, వయసు, నేను కళ్లతో చూసి రాసుకున్న పళ్ల వివరాలు ఒక నోటుబుక్కులో సిద్ధంగా పెట్టాను. ఏ రోజు వస్తారో చెప్తే ఆ రోజు కూలికి పోకుండా తల్లులు ఉండేలా ఇల్లిల్లూ తిరిగి నేను చెప్పుకుంటాను. ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతికి వస్తుంది. కింద కుడివైపు ఖాళీ అయిన చోటుకు ఏం చేయాలో, పైన ఉన్న పన్నును ఎట్లా కాపాడుకోవాలో ముందుగా తననే చూసి చెప్పాలని మనవి.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా